కాలవకి ఎగువన

"ఇక్కడే ముంచమ్మా, రజనీ! మురుగుకాలవ కలిసేచోటికి దిగువన ముంచితే మన శుద్ధి ట్యాంకులు పరీక్ష తప్పుతాయి," అంటూ గట్టు మీంచి నవ్వాడు మురుగుశుద్ధి ప్లాంటు మేనేజరు గణపతిరావు.

ల్యాబులో కొత్తగా చేరిన రజనీకుమారి, పోయిన నెలలాగే నదిలో ఎగువన సీసా నింపింది.

కాలవకి దిగువన బిందె ముంచుతున్న నూకమ్మ పలకరించింది. "ఏటమ్మా, మళ్ళీ పరీచ్ఛా? పోయిన్నెల నీళ్ళు బాగున్నాయని కాయితం రాసినావంట కదా! ఆనాటి నుంచి చరోదా ఊరి బోరింగు దాకా నడవడం మానేసినాం. మా మనవరాలికీ ఇయ్యే తాగిస్తన్నాం."

రజనీ సీసా ఒంపేసి, గణపతిరావు కేకలేస్తున్నా నూకమ్మ దగ్గరికి దిగింది.

"ఆ బిందె పారబొయ్యి, పిన్నీ."

"అదేటమ్మా! ఆ కాయితం నీది కాదేటి?"

"కాయితం నాదే, పిన్నీ. పరీక్ష చేసిన నీళ్ళే ఇవి కావు."