ఎడమవైపు లైటు

"ఆ వ్యాన్‌ని కావాలనే నీ లైన్లోకి పంపించాను" అన్నాడు పై అధికారి. "ముందు నువ్వు చూడు. తర్వాత నేనూ చూస్తాను. నీ కంటపడని లోపం నా కంటపడిందా, రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఇన్‌స్పెక్టరమ్మ తలెత్తి చూసింది. వాహనాల తనిఖీ షెడ్డులోకి మెల్లగా వస్తున్నది ఆమె తండ్రి వ్యాన్. తండ్రి బండి కాబట్టి కళ్ళు మూసుకుని పాస్ చేస్తోందని డ్రైవర్లలో ఎవరో ఫిర్యాదు చేశారు. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వరుసలో ఉన్న డ్రైవర్లంతా బళ్ళు దిగి, తమాషా చూడటానికి వచ్చినట్టు గోడవారగా నిలబడ్డారు.

"ఇంజన్ ఆపకండి, డ్రైవర్‌గారూ" అంది ఆమె.

"ఇంట్లో నాన్న, ఇక్కడ డ్రైవర్‌గారట!" అన్నాడొక టాక్సీ డ్రైవర్. అందరూ గొల్లుమన్నారు.

తండ్రి మాత్రం నవ్వలేదు. స్టీరింగ్ మీద వేళ్ళు బిగించి, తలతిప్పకుండా కూర్చున్నాడు.

బ్రేకులు బాగా పట్టాయి. టైర్లు బాగున్నాయి. హెడ్‌లైట్లు వేయమంది. రెండూ వెలిగాయి. ఎదురుగా ఉన్న తెల్లబోర్డు మీద రెండింటి వెలుగూ పడాల్సిన చోటే పడింది.

"చూడటం అయిపోయిందా?" అని అడిగాడు తండ్రి.

"అయినట్టేనా మరి?" అన్నాడు అధికారి, చేతులు కట్టుకుని.

పాసైన బండికి అతికించే ఆకుపచ్చ స్టిక్కర్ కోసం ఆమె చెయ్యి చాపింది. చాపిన చెయ్యి ఆగిపోయింది. ఎడమ లైటు కాస్త పసుపుపచ్చగా లేదూ? లేక భయం కొద్దీ అలా అనిపిస్తోందా?

"ఒక్కసారి ఎడమ ఇండికేటర్ వేయండి."

ఇండికేటర్ వెలిగినప్పుడల్లా ఆ పక్క హెడ్‌లైటు మసకబారి, మళ్ళీ తేరుకుంటోంది.

"బల్బు అయ్యుంటుంది" అన్నాడు అధికారి.

"అయ్యుంటుంది అంటే కుదరదు సార్!" అని గోడ దగ్గర్నుంచి ఎవరో అరిచారు. "ఎక్కడ లోపమో చూపించకుండా మా బళ్ళు ఆపుతారా? ఈ బండికీ అదే రూలు!"

ఆమె రెండు బల్బులూ తీయించి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేయించింది. మళ్ళీ ఇండికేటర్. మళ్ళీ ఎడమ లైటే మసకబారింది.

"బల్బు తప్పయితే మసక కుడివైపుకి పోయుండాలి" అంది ఆమె, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "ఫ్యూజు పోతే అసలు వెలగనే వెలగదు. స్విచ్చి బాగాలేకపోతే రెండూ గుడ్డిగా ఉండాలి."

"మరి?" అన్నాడు అధికారి.

మరి ఏమిటి? చెమట కళ్ళలోకి కారుతోంది. టార్చి పట్టుకుని బానెట్ కిందకి వంగింది. లైటు వెనక నుంచి వచ్చే వైరుని వేళ్ళతో తడుముకుంటూ పోయింది. వైరు చివర, బండి రేకుకి స్క్రూతో బిగించిన చోట, ఏదో కదిలినట్టయింది. బొటనవేలితో గట్టిగా అదిమింది. లైటు తెల్లగా వెలిగింది. వదిలింది. పచ్చబడింది.

"ఎర్త్ వైరు సార్!" అంది నిటారుగా లేచి. "స్క్రూ వదులుగా ఉంది. ఇండికేటర్‌కీ హెడ్‌లైటుకీ ఇదే ఎర్త్. అది వెలిగినప్పుడల్లా ఇది మసకబారుతోంది. గతుకుల్లో ఊడిపోయిందంటే ఆ పక్కంతా చీకటే."

అధికారి తనే వంగి వైరు అదిమి చూశాడు. వదిలి చూశాడు.

"ఫెయిల్" అంది ఆమె.

తండ్రి ఒక్క ఉదుటున కిందకి దూకాడు. "ఒక్క స్క్రూ కోసం ఫెయిలా? రెండు తిప్పులు తిప్పితే పోయేదానికి! సాయంత్రం నాకు బేరం ఉంది!"

"బిగించుకుని రేపు రండి."

"కన్నతండ్రినని కూడా చూడవా? నువ్వు చదువుకున్నది ఈ బండి తిరగబట్టి కాదూ?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అద్దం మూల ఎర్ర స్టిక్కర్ పెట్టి, అరచేత్తో నొక్కి అతికించింది.

"రేపు రండి, డ్రైవర్‌గారూ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "తండ్రినే వదల్లేదు, ఇక మనమెంత రా బాబూ!" అంటూ టాక్సీ డ్రైవర్ తన లైట్లు చూసుకోవడానికి పరుగెత్తాడు.

"ఆ ఫిర్యాదు సంగతి మర్చిపో" అన్నాడు అధికారి. "నీ ఉద్యోగానికి ఢోకా లేదు. వెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగిరా."

ఆమె నీళ్ళ దగ్గరికి పోలేదు. గేటు బయటికి పరుగెత్తింది. గోడ పక్కన వ్యాన్ ఆగి ఉంది. తండ్రి ఫుట్‌బోర్డు మీద చతికిలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"నాన్నా, కోపం వచ్చిందా? నేనేం చెయ్యను? నాకు వేరే దారి లేదు..."

తండ్రి అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరని తేలాక, కూతురి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"కోపమా? బతికించావు తల్లీ!" అన్నాడు గుసగుసగా. "నీ మీద ఫిర్యాదు సంగతి విని పొద్దున నేనే ఆ స్క్రూ మరీ కొంచెమే వదులు చేశానేమో, నీకు దొరకదేమోనని ఇందాకటి నుంచి నా ప్రాణాలు పోతున్నాయి."