పళ్ళకి సబ్బు

"నోట్లో సబ్బెట్టుకుంటన్నావేటే! అవతల పారెయ్ దాన్ని!"

నూతి దగ్గర పళ్ళు తోముకుంటున్న కాంతం ఉలిక్కిపడింది. విజయనగరం నుంచి బొబ్బిలి దగ్గరి ఈ పల్లెకి కాపరానికొచ్చి ఇంకా నెల తిరగలేదు. అత్త లక్ష్మణమ్మ గొంతంటే వీధి వీధికే హడలు.

"సబ్బు కాదత్తా, పేస్టు" అంది గబగబా పుక్కిలించి. "ఇందులో మెత్తటి సుద్దుంటాది. పళ్ళ మీద పాచిని గీకేస్తాది. నురగేమో సందుల్లో మురికిని లాగేస్తాది. పుదీనా నూనె నోటి వాసన తీస్తాది."

"మరి మా బొగ్గేటి పాపం సేసిందే?"

"బొగ్గు గరుకత్తా. రోజూ రుద్దితే పళ్ళ మీద మెరుగు అరిగిపోయి, సన్నీళ్ళు తాగినా జివ్వుమంటాది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే మంచిదే, సిగుళ్ళకి హాయి. సంద్రుడి మీదకి మడుసులెల్తన్న రోజులు..."

"ఎల్లనీ. ఆళ్ళు అక్కడే తోముకుంటారు. నా ఇంట్లో ఈ నురగ కక్కుడు కుదర్దు. ఇంకోపాలి సూసేనంటే నిన్నూ నీ గొట్టాన్నీ కలిపి పుట్టింటికి బండెక్కిస్తాను!"

పశువుల శాల దగ్గర తాడు పేనుతున్న మామ దాలయ్య తలెత్తలేదు.

కాంతానికి మనసొప్పలేదు. పేస్టు గొట్టాన్ని వంటింటి చూరులో దాచి, అత్త పాలు పితకడానికి వెళ్ళినప్పుడు గుట్టుగా తోముకోసాగింది. కానీ గొట్టం తాను నొక్కినదానికి మించి చిక్కిపోతోంది. భర్త సూరయ్యని అడిగితే వేపపుల్ల నములుతూ "నాకెందుకే అది?" అన్నాడు. ఎలకలేమో అనుకుంటే, ఎలకలు మూత మళ్ళీ బిగించవు కదా! అత్తే కనిపెట్టి కొంచెం కొంచెం పిండి పారబోస్తోందేమో. బండెక్కిస్తానన్న మాట కాంతానికి తలపుకొచ్చింది.

ఓ పొద్దున్న గడ్డివాము వెనక ఎవరో ఉమ్ముతున్న చప్పుడైంది. తొంగి చూసింది. దాలయ్య! మీసాల నిండా తెల్లటి నురగ.

"మావా! నువ్వా?" కాంతం పకపకా నవ్వేసింది.

"ఉష్! అరవకే తల్లీ!" అంటూ తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడాయన.

"భయపడకు మావా, అత్తకి సెప్పనులే. తెలిస్తే మనిద్దర్నీ బండెక్కిస్తాది."

దాలయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"దానికి తెలీకేటి? నువ్వు సూర్లో దాసిన మర్నాటి నుంచీ మీ అత్త దీంతోనే తోముకుంటంది. ఇప్పుడు నా నోరు కంపంట, ఇదెట్టి తోముకోందే పక్కన కూకోనివ్వదంట!"