కెప్టెన్ అల్లుడు

నలభై దాటాక చిన్నల్లుడు దొంగచాటుగా ఫుట్‌బాల్ నేర్చుకోవడానికి చేరాడు. ఆఫీసులో ఆడిట్ జరుగుతోందని ఇంట్లో చెప్పాడు.

దొంగచాటు ఎందుకంటే, అతను ఆ ఆటలో మాజీ కెప్టెన్.

పెళ్ళికి ముందు మొదటిసారి కలిసినప్పుడు, ఆటలేమైనా ఆడేవాడివా అని మామగారు అడిగారు. నోటికొచ్చింది అనేశాడు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్‌నన్నాడు. మామగారు లేచొచ్చి చెయ్యి కలిపారు. ఆయన అప్పట్లో గోల్‌కీపరట.

పెద్దల్లుడికి సొంత ఇల్లుంది, కారుంది, కారుకి డ్రైవరున్నాడు. చిన్నల్లుడికి అత్తారింట్లో ఉన్నదల్లా ఫుట్‌బాలే. టీవీలో మ్యాచ్ వస్తే సోఫాలో మామగారి పక్క చోటు అతనిది. పెద్దల్లుడికి ప్లాస్టిక్ కుర్చీ. మామగారు “అబ్బా” అంటే చిన్నల్లుడూ “అబ్బా” అనేవాడు. ఒక్కోసారి మామగారి “అబ్బా” కాస్త ఆలస్యమయ్యేది. వయసు మీద పడుతోంది కదా అనుకునేవాడు.

అంతా హాయిగా సాగుతుండగా మామగారు ఫోన్ చేశారు. వచ్చే నెల పక్క కాలనీతో మ్యాచట. పాత ఆటగాళ్ళు ఇంట్లో ఉండగా బయటివాళ్ళు దేనికని కాలనీ సంఘం కార్యదర్శి పట్టుకున్నాడట. గోల్‌లో తనూ, ముందు వరసలో అల్లుడూ. పేర్లు ఇచ్చేశారట. పెద్దల్లుడు వీడియో తీస్తాడట.

మర్నాడే చిన్నల్లుడు ఊరవతలి మైదానంలో తేలాడు. కోచ్ ఓ అమ్మాయి, అతని వయసులో సగం కూడా ఉండదు. మొదటి తన్నుకి బంతి కదల్లేదు, బూటు వెళ్ళింది.

“బంతిని చూసి తన్నాలంకుల్. అది మిమ్మల్ని చూసి జరగదు” అంది ఆ అమ్మాయి.

అది చాలదన్నట్టు రోజూ సాయంత్రం మామగారి ఫోను. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మంచినీళ్ళడిగినా మౌఖిక పరీక్షలాగే ఉంటుంది.

“పెనాల్టీ కొట్టేవాడి కాలు చూడాలా, కళ్ళు చూడాలా? చెప్పు.”

“మీకు తెలియందా, మామయ్యగారూ.”

“నాకు తెలుసు. నీకు తెలుసో లేదోనని.”

మీటింగులో ఉన్నానని తప్పించుకునేవాడు. మర్నాడు కోచ్‌ని అడిగి తెలుసుకుని, ఆఫీసు మెట్ల మీద నిలబడి గడగడా అప్పజెప్పేవాడు. అటునుంచి కాగితం మీద పెన్ను గీసుకుంటున్న చప్పుడు వినిపించేది. మార్కులు వేస్తున్నారనుకుని చెమటలు పట్టేవి. ఒకసారైతే, బంతి మీదకి ఎలా దూకాలో చెబుతుండగా అటు పూలకుండీ పగిలిన చప్పుడూ, అత్తగారి కేకలూ వినిపించాయి. “మీ అత్తయ్యకి ఈమధ్య చేతులు వణుకుతున్నాయి” అన్నారు మామగారు, ఆయాసపడుతూ.

ప్రశ్నలు రానురాను కఠినమయ్యాయి. ఆఫ్‌సైడంటే ఏమిటని అడిగిన రోజు చిన్నల్లుడు రెండుసార్లు తప్పు చెప్పి, మూడోసారి సరిచేసుకున్నాడు. మామగారు మూడుసార్లూ “అంతే, అంతే” అన్నారు. వెటకారం చేస్తున్నారనుకుని ఆ పూట అన్నం సయించలేదు.

మ్యాచ్ రోజు వచ్చింది. పక్క కాలనీవాళ్ళు మైదానం చుట్టూ పరుగులు తీస్తున్నారు. ఒక్కడికీ పొట్ట లేదు. పెద్దల్లుడు గట్టు మీద ఫోన్ పట్టుకుని, ఎండ పడకుండా మంచి చోటు వెతుక్కుంటున్నాడు.

చిన్నల్లుడికి సోఫాలో తన చోటు కళ్ళముందు కదిలింది. వీడియోలో బయటపడేకంటే ముందే చెప్పుకుంటే కాస్త నయమనిపించింది. బట్టలు మార్చుకునే గదిలో మామగారు ఒక్కరే ఉన్నారు, బెంచీ మీద కూచుని గ్లౌజులు తొడుక్కుంటూ. చిన్నల్లుడు తలుపు దగ్గరగా వేశాడు.

“మామయ్యగారూ, క్షమించాలి. నేను కెప్టెన్నీ కాదు, ఏమీ కాదు. కిందటి నెలదాకా బంతి ముట్టుకుని ఎరగను.”

మామగారు సగం తొడిగిన గ్లౌజుతో అలాగే ఉండిపోయారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. బయట రెఫరీ విజిల్ ఊదాడు.

“అయితే నెల్లాళ్ళ నుంచీ ఫోన్లో నీ దగ్గర నేను నేర్చుకున్నదేమిటయ్యా?” అన్నారు.