సున్నం కింద చార

“నీళ్లు నిలిచిన గుర్తేదమ్మా?” వరదకు దెబ్బతిన్న ఇళ్లు రాసుకోవడానికి వచ్చిన సారు గోడలన్నీ చూసి అడిగాడు.

ఐలమ్మ తెల్లటి గోడల వైపు చూసింది. రేపు ఇంట్లో ప్రార్థన ఉందని, పాస్టరయ్య వస్తాడని, నిన్ననే గోడలకు సున్నం వేసింది.

“చెరువు తెగిన్నాడు ఛాతి మట్టుకు అచ్చినయి సారూ. బియ్యం, బట్టలు అన్ని కొట్టుకపోయినయి.”

“గుర్తుంటెనే మీ ఇల్లు రాస్త.”

కొడుకు ప్రభుదాస్ జగిత్యాల కాలేజీలో చరిత్ర చదువుతున్నాడు. పోయిన ఆదివారం పాస్టరయ్యతోనే వాదం పెట్టుకున్నాడు. “బైబిల్ల చెప్పినట్టు నోవహు కాలంల లోకమంత మునిగితే, తవ్వినకాడల్ల ఒండ్రుమట్టి దొరకాలె గదయ్యా? దొరికింది కొన్ని ఊర్లల్లనే. అదన్న గా వరదదే అని ఏం రుజువు?” ఐలమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడతనే మేకు తెచ్చి గోడ గీకాడు. సున్నం పెచ్చులు రాలి, ఛాతీ ఎత్తున ఎర్రటి బురద చార బయటపడింది.

“సూడున్రి సారూ!”

సారు వంగి చూశాడు. “గిది గీ వరదదే అని ఏం రుజువు? పాతది గూడ కావచ్చు.”

ప్రభుదాస్ మేకుతో ఇంకో జానెడు గీకాడు. సారు పక్కింటికి నడిచాడు.

ఐలమ్మ సున్నం డబ్బా తెచ్చింది.

“ఉండనియ్యవ్వా. మల్ల ఎవలన్న అత్తరేమో,” అన్నాడు ప్రభుదాస్.

“అచ్చి? నువ్వు నోవహును అడిగిందే నన్ను అడుగుతరు కొడుకా,” అంటూ ఆమె చార మీద కుంచె లాగింది.