ఆయిలు కుదరని బండి

పాస్టరుగారు పికప్ బండి బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన ముగించారు. చుట్టూ నిలబడ్డవాళ్లంతా "ఆమెన్" అన్నారు.

"ఇంకేం బాబూ, దేవుని పేరు తలుచుకుని మెయిన్‌రోడ్డు దాకా ఓసారి తిప్పుకురా."

బెన్‌హర్ అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తాళం, మొహం మీద చెమట.

"ఇప్పుడే వద్దయ్యగారూ. పాత ఓనరు ఏం ఆయిలు పోసేడో ఏటో! మంచి ఆయిలు పొయ్యకుండా తిప్పితే ఇంజను పట్టేత్తది."

"నిన్న సబ్బవరం నుంచి నేను తోలుకొచ్చేను గదా బావా, ఏటీ అవలేదే!" అన్నాడు బావమరిది రోనాల్డ్.

"అదేరా నా భయం. నిన్ననే ఎంత అరిగిపోయిందో!"

పాస్టరుగారు మళ్లీ కళ్లు మూసుకుని, ఆ మంచి ఆయిలేదో త్వరగా దొరికేలా కృప చూపమని ఇంకో మాట కలిపారు. రోనాల్డ్ బస్సెక్కి తన ఉద్యోగానికి వెళ్లిపోయాడు. బండి మాత్రం కదల్లేదు.

ఆ రోజు అన్న మాట బెన్‌హర్ మెడకే చుట్టుకుంది. గాజువాకలో లారీ ఆఫీసులో ఏళ్ల తరబడి చేసి వచ్చినవాడు. ఇంజను ఆయిలు గురించి అతను నోరు విప్పితే ఇక తిరుగులేదని అత్తవారి వీధి వీధంతా నమ్మకం. ఆ నమ్మకాన్ని నీళ్లు పోసి పెంచింది కూడా తనే. ఇప్పుడెవర్ని అనుకుని ఏం లాభం?

దానికి తోడు బెల్లం వ్యాపారి వెంకటరమణమూర్తిగారు కబురు పెట్టారు. సోమవారం పొద్దున్నకి బండి మార్కెట్ యార్డులో ఉంటే ఈ సీజను లోడ్లన్నీ బెన్‌హర్‌వి. లేకపోతే కన్నబాబువి. కన్నబాబుకి తన బండిలో ఏ ఆయిలుందో కూడా తెలీదు. అయినా వాడి బండి తిరుగుతోంది.

శనివారం పొద్దున్నే బెన్‌హర్ రామ్‌గోపాల్ ఆయిలు షాపుకి వెళ్లాడు.

"డీజిలు బండికి పదిహేను నలభై నంబరు ఆయిలు పట్టుకెళ్లు. కళ్లు మూసుకుని పోసుకోవచ్చు" అన్నాడు రామ్‌గోపాల్.

"పాత ఇంజను షావుకారూ. పల్చటాయిలు ఆగుద్దా?"

"అయితే ఇరవై నలభై."

"అది సిక్కన. సలికాలం తెల్లారగట్ల స్టార్టవద్దా?"

"అనకాపల్లిలో చలేటి బెన్‌హరూ! సంక్రాంతికి కూడా ఫ్యానేసుకుని పడుకుంటాం."

బెన్‌హర్ రెండు వేళ్ల మధ్య చుక్క ఆయిలు రుద్ది చూశాడు. వాసన చూశాడు. ఎండకి పట్టి చూశాడు. ఇంకాసేపుంటే నాలిక మీద కూడా వేసుకునేవాడే.

"నేను ఇంటికెళ్లి భోంచేసి వచ్చేను. నువ్వింకా ఆ డబ్బా వెనకాలే చదువుతున్నావు" అన్నాడు రామ్‌గోపాల్.

లోలోపల బెన్‌హర్‌కే నవ్వొచ్చింది. పెళ్లిచూపుల్లో కృపాజ్యోతిని చూసి సరేననడానికి ఇందులో పదో వంతు టైము పట్టలేదు. బెండకాయ తుంచి చూడకుండా కొనడని తనకెలాగూ పేరుంది. ఆ పేరు ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. ఆలోచించి చెబుతానని ఉత్తి చేతుల్తో ఇంటికొచ్చాడు.

"అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శనంటే ఇదే" అంది అత్త రూతమ్మ, గుమ్మంలోంచే.

ఆదివారం సాయంత్రం బెన్‌హర్ బండెక్కి కూర్చున్నాడు. రోజూ కూర్చుంటాడు. స్టీరింగు తుడుస్తాడు, అద్దం సర్దుతాడు, పిల్లలు అడిగితే హారను కొడతాడు. ఈ వేళ ఏదీ చెయ్యబుద్ధి కాలేదు. తెల్లారితే సోమవారం. ఏం చెప్పాలి? దేశంలో ఆయిలు కంపెనీలన్నీ మూసేశారనా? లోడ్లు పోతే పోయాయి, రేపు కృపాజ్యోతి మొహం ఎలా చూడటం? తనంత దద్దమ్మ జిల్లాలో ఉండడని బెన్‌హర్‌కి గట్టిగా అనిపించింది.

కృపాజ్యోతి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచి.

"ఏటి మావా, కుదిరిందా ఆయిలు?"

"రెండు రకాలు సూసేను. రేపో ఎల్లుండో..."

"పదిహేను నలభై నేనే కొనుక్కొచ్చేను. మద్దేనం నువ్వు నిద్రోతుంటే మెకానిక్కు వచ్చి మార్సేసెల్లేడు."

బెన్‌హర్ అద్దంలోంచి బానెట్ వైపు చూశాడు.

"ఫిల్టరో?"

"మార్సేడు."

"కింద నట్టుకి వాషరు..."

"అదీ మార్సేడు మావా."

ఇక అడగడానికి ఇంజనులో ఏమీ మిగల్లేదు. బెన్‌హర్ తల దించుకున్నాడు.

"ఎస్టీడీ బూతు నుంచి రోనాల్డుకి ఫోను కొట్టేను. ఆడు నెల్లాళ్లు సెలవెట్టి వత్తన్నాడు. రేపటి లోడు ఆడు ఏసుకెల్తాడు" అంది కృపాజ్యోతి.

బెన్‌హర్‌కి ఊపిరి అందింది. మరుక్షణమే సిగ్గు ముంచుకొచ్చింది. "మరి నేనేటి సెయ్యాల?" అన్నాడు చిన్నగా.

"దారిలో తమ్ముడి పక్కన కూకో, తిరిగొచ్చేటప్పుడు ఇయ్యి కట్టుకో" అంటూ ఆమె వీధిలో ఎవరూ చూడకుండా సంచి మూతి విప్పి, బండి తోలడం నేర్చుకునేవాళ్లు ముందొకటీ వెనకొకటీ కట్టుకునే ఎర్ర 'ఎల్' బోర్డులు రెండు అతని ఒళ్లో పెట్టింది.