తల్లి రొయ్యలు దొరికే చోటు

"ఇవి సముద్రంలో పట్టినవేనని ఇంకోసారి చెప్పు బావా," అంటూ రొయ్యపిల్లల హేచరీ యజమాని ల్యాబు కాగితాన్ని బావ ముఖం మీదికి జాపాడు.

కండలో వైరస్. మొప్పల్లో వైరస్. చివరికి గుడ్ల సంచిలోనూ వైరసే. అలాంటి తల్లి రొయ్యలు పెట్టిన గుడ్లకి దిక్కేముంది? వరసగా మూడో విడత పిల్లలు తొట్టెల అడుగున చచ్చి పేరుకున్నాయి. ఇంకొక్క విడత పోతే హేచరీ గేటుకి తాళమే.

"ఆ కాగితం నాకెందుకురా, రెండో క్లాసుతో బడి ఎగ్గొట్టినవాణ్ణి. అవి సముద్రంలోవే," అన్నాడు బావ. ఆయనది చిన్న మరపడవ. తల్లి రొయ్యల్ని పట్టి తెచ్చేది ఆయనే.

"సముద్రం రొయ్యకి ఒళ్లంతా ఇంత రోగమా? ఎవరి చెరువులోనో చావుకి సిద్ధంగా ఉన్నవాటిని తెచ్చి నాకు అంటగట్టావు. అక్క మొగుడివని నెత్తిన పెట్టుకున్నందుకు బాగానే బుద్ధి చెప్పావు."

అక్క అక్కడే నిలబడి ఉంది. మొగుడి వైపు తిరిగి, నిజమేనా అన్నట్టు చూసింది.

బావ ముఖం మాడిపోయింది. "పద, పడవెక్కు. నీ కళ్లతో నువ్వే చూద్దువుగాని. చెరువు రొయ్యని తేలితే మీ అక్కకి మళ్లీ నా ముఖం చూపించను."

పడవ కదిలిందో లేదో యజమాని కళ్లు గట్టిగా మూసుకుని పలక మీద వాలిపోయాడు.

"తొట్టెల్లో సముద్రాన్ని పెట్టుకున్నవాడివి, అసలు సముద్రానికి ఇంత భయమేంట్రా?" అన్నాడు బావ. ఇద్దరికీ నవ్వు రాలేదు.

పావుగంటకే ఇంజను ఆగింది. వల పడింది, లేచింది. చూస్తే, చేపల మధ్య జానెడేసి టైగర్ రొయ్యలు మూడు. వీపు పెంకు కింద గుడ్లు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి.

యజమాని తల వాలిపోయింది. అక్క ముందు అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"తప్పయిపోయింది బావా. కాగితాన్ని నమ్మి నిన్ను దొంగని చేశాను. అక్కతో నేనే చెప్పుకుంటాను."

"పోన్లేరా. నష్టపోయినవాడి నోరు అలాగే ఉంటుంది."

ఆ మాటకి యజమాని ఇంకా కుంగిపోయాడు. ఆ రొయ్యల్నే చూస్తూ అడిగాడు. "మిగతా పడవలు నెలంతా తిరిగినా ఒక్క తల్లి రొయ్య దొరకదు కదా. నీకెలా దొరుకుతున్నాయి బావా?"

చుట్టుపక్కల ఇంకో పడవ లేకపోయినా బావ గొంతు తగ్గించాడు.

"మీ అక్కకి కూడా చెప్పలేదు, నీ కడుపులో పెట్టుకో. నీ హేచరీ మురుగ్గొట్టం తెరుచుకునేది సరిగ్గా మన పడవ కిందేరా. చచ్చిన పిల్లల్ని నువ్వు వదిలినప్పుడల్లా, వాటిని తినడానికి తల్లులన్నీ ఇక్కడికే చేరతాయి."