చౌడప్ప విమానానికి రిసీవర్

హిందూపురం అంగడిలో నాగరాజు రెండు రిసీవర్లు బల్ల మీద పెట్టాడు. లక్ష్మీప్రియకు కాలు నిలవడం లేదు. నాయన చౌడప్ప ఏది తీసుకుంటాడో అని ఒకటే గుబులు.

రిసీవర్ అంటే అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. మోడల్ విమానం కడుపులో కూర్చుని రిమోట్ చెప్పినట్టల్లా వింటుంది. ఒక రిమోట్‌తో జత కలిపాక ఇంకో రిమోట్ మాట చెవిన పెట్టదు.

చౌడప్ప రిమోట్‌కు ఆ రెండూ పనికొస్తాయి. లక్ష్మీప్రియ దగ్గర ఇంకో రిమోట్ ఉంది. ఆయనకు తెలియకుండా కొని, ఆర్నెల్లుగా ఎర్రమంచి బీళ్లలో దొంగచాటుగా ఎగరేయడం నేర్చుకుంది. దానికి రెండో రిసీవర్ ఒక్కటే పనికొస్తుంది.

చౌడప్పకు ధర్మవరంలో టీవీ రిపేరు అంగడి. ఇరవై ఏళ్లుగా విమానాలు ఎగరేస్తున్నాడు. ఏడాదిగా చేతులు వణుకుతున్నాయి. కిందటి నెల విమానం కందిచేలో కూలి పాత రిసీవర్ ముక్కలైంది. ఆదివారం పెనుకొండలో పోటీ. "ఈసారీ కూలిందంటే మళ్లీ రిమోట్ ముట్టను" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

అందుకే ఆమె ఉపాయం. నాయన చేతిలో నాయన రిమోటే ఉంటుంది. విమానం మాత్రం ఆమె రిమోట్ మాట వింటుంది. నలుగురి ముందు తనే ఎగరేయాలంటే ఆమెకు చచ్చేంత భయం.

"మొదటిదే మేలన్నా, శానా దూరం అందుతుంది" అన్నాడు నాగరాజు.

"రెండోది తీసుకో నాయనా."

"యాలమ్మా? మొదటిది బాగనే ఉండాది కదా" అన్నాడు చౌడప్ప.

"రంగు బాగుండాది" అనేసింది. కార్ల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పిల్ల చెప్పే కారణమా అది!

"కడుపులో ఉండేదానికి రంగేంటికమ్మా?" నాగరాజు పకపకా నవ్వాడు.

చౌడప్ప రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "పోనీలే, రంగున్నదే ఇయ్యప్పా" అన్నాడు.

లక్ష్మీప్రియకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్లి జత కలిపే పని తనే మీదేసుకుంది.

ఆదివారం చౌడప్ప రిమోట్ పట్టుకుని మైదానంలో నిలబడ్డాడు. వెనకే, గుడ్డసంచిలో చేతులు దూర్చి లక్ష్మీప్రియ. విమానం లేచింది. రెండు చుట్లు తిరిగింది. అడ్డగాలికి రెక్క వాలింది. సంచిలో ఆమె బొటనవేళ్లు కదిలాయి. రెక్క సర్దుకుంది. విమానం మెత్తగా దిగింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఎట్లుండాదమ్మా?" అన్నాడు చౌడప్ప.

"శానా బాగా ఎగరేసినావు నాయనా." ఆమెకు సంతోషంతో ఏడుపొచ్చింది.

పోటీ నడిపే అమర్‌నాథ్ రిజిస్టర్ తెచ్చి, పైలట్ సంతకం కావాలన్నాడు. నాయన చెయ్యి ఎక్కడ వణుకుతుందో అని ఆమే గబుక్కున అందుకుంది.

అందులో, రిసీవర్ కొనడానికి వారం ముందటి నమోదు తేదీ వేసి, నాయన తన వంకరటింకర అక్షరాలతో పైలట్ పేరు రాసి ఉంచాడు: లక్ష్మీప్రియ.